చిన్న రాడ్డు నీలిది

మంగీలాల్ జీపులో డ్రైవరు పక్కన అడుగు రేకులోంచి రెండు రాడ్లు పైకి వచ్చి ఉండేవి. పెద్దది గేరు మార్చేది. అది మంగీలాల్‌ది. దాని పక్కనే జానెడు పొడవున్న చిన్న రాడ్డును వెనక్కి లాగితే ముందు చక్రాలకు కూడా బలం వచ్చేది. అది ఆయన భార్య నీలిది. ఇరవై రెండేళ్లుగా ఆమెదే.

మంగీలాల్ భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేసినన్నాళ్లూ వాళ్లు క్వార్టర్‌లోనే కాపురం ఉన్నారు. పని విడిచిన ఏడాది, ఒక కాంట్రాక్టరు తన పాత జీపు అమ్ముతుంటే మంగీలాల్ కొన్నాడు. మంచం, గిన్నెలు, బియ్యం మూటలు వెనక వేసి, మూటల మీద కొడుకు రాకేశ్‌నూ కూతురు లతనూ కూర్చోబెట్టి, బయ్యారం దగ్గరున్న తమ తండాకు బయలుదేరారు. తండా ముందర వాగు. మోకాలి లోతు నీళ్లు. మధ్యకు రాగానే చిన్న రాడ్డు టక్కున ముందుకు ఎగిరింది. వెనక చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగాయి. మంగీలాల్ దాన్ని వెనక్కి గుంజి స్టీరింగు పట్టుకున్నాడో లేదో, మళ్లీ టక్కుమంది.

"నాకున్నయి రెండే చేతులు!" అని అరిచాడు.

నీలి ఒళ్లో మామిడికాయ తొక్కు జాడీ ఉంది. దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని, కుడి చేత్తో రాడ్డును పట్టి ఉంచింది. జీపు ఒడ్డెక్కింది.

మానుకోటలో మెకానిక్ ధర్మా కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "లోపల గేర్ల పండ్లు అరిగినయే అన్నా. గీ సామాను ఇప్పుడు దొరకది. పట్టుకునేటామె ఉన్నది గద, పట్టుకోనీ."

అట్లా పట్టుకుంది. మొదట్లో బిగించి పట్టేది, భుజం లాగేది. నాలుగు వానకాలాలు గడిచాక చేతికే తెలివి వచ్చింది. రాడ్డు ఎగిరే ముందు సన్నగా వణుకుతుంది, మేకపిల్ల కాలు గుంజుకునే ముందు వణికినట్టు. అప్పుడు కొంచెం వదలాలి. వదిలి, మళ్లీ వెంటనే తీసుకోవాలి. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

మిరప బస్తాలతో మానుకోట మార్కెట్‌కు పోయినా, లతను కాలేజీలో చేర్చడానికి పోయినా, పదహారు మందిని ఎక్కించుకుని పెళ్లికి పోయినా నీలి చోటు అక్కడే. తారు రోడ్డు మీద పట్టుకునే పని లేకున్నా చేయి దాని మీదే ఉండేది. రాడ్డు తలకు తన పెళ్లినాటి లంగా అంచు చుట్టి కుట్టుకుంది. అందులో రెండు అద్దం బిళ్లలు మిగిలి ఉండేవి. ఎండ పడితే మంగీలాల్ గడ్డం కింద వెలుగు చుక్కలు ఆడేవి.

"మీ ఆయన నడుపుడేంది వదినా," అనేది పక్కింటి తుల్సీబాయి. "బండిని చెవు వట్టుకొని నువ్వే తోలుకపోతున్నవ్."

మంగీలాల్ మాత్రం ఏ విందులో కూర్చున్నా ఒకటే కథ. వాగు ఎంత లోతుకు వచ్చింది, తాను ఎట్లా దాటించాడు. నీలి పళ్లేలు అందిస్తూ వినేది.

నిరుడు వాగు మీద బ్రిడ్జి కట్టారు. మంగీలాల్ ఎడమ మోకాలు క్లచ్ తొక్కనియ్యడం లేదు. భూపాలపల్లి కరెంటు ప్లాంటులో పనిచేసే రాకేశ్ తెల్లటి చిన్న కారు కొన్నాడు. జీపు వేప చెట్టు కింద నిలబడిపోయింది. వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. రాకేశ్ ఫోటో తీసి అమ్మకానికని ఫోన్‌లో పెడితే, జనగామలో కిరాణా హోల్‌సేల్ నడిపే గోవర్ధన్ తన భార్యను వెంటబెట్టుకుని చూడడానికి వచ్చాడు.

ఆ పొద్దున నీలి రాడ్డుకున్న గుడ్డ కుట్లు విప్పి నడుముకు చెక్కుకుంది. జీపు పోవద్దు. ఆమెకు ఉన్న కోరిక అదొక్కటే. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు.

"బ్రిడ్జి మీద ఎవలైన పోతరు. వాగుల దించి సూస్త," అన్నాడు గోవర్ధన్. "మా చేను అంత రేగడి. వాన పడ్డదంటె మైలు దూరంల కారు ఇడిచి నడుసుడే."

ఆయన స్టీరింగు ముందు కూర్చుంటే రాకేశ్ పక్కన ఎక్కాడు. జీపు నీళ్లలోకి దిగి సగం దాటగానే చిన్న రాడ్డు టక్కుమంది. రాకేశ్ గుంజాడు. టక్కు. వెనక చక్రాలు కూరుకుపోయాయి.

"ఏంది తమ్మీ! ఫోర్‌వీల్ అని పెట్టినవ్ గద? గిది పాత ఇనుప సామానోనికి ఏసేదేనాయె!"

బ్రిడ్జి మీద చేరిన వాళ్లు నవ్వారు. "ముసలెద్దు పండుకున్నదిరో!" అని ఎవరో కేక వేశారు.

నీలికి మొదట సంతోషమే కలిగింది. ఇక ఈయన వద్దని పోతాడు. తాను నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ నవ్వేవాళ్లలో జీపు ఎక్కి పెళ్లికి పోనివాళ్లు ఒక్కరూ లేరు. నీళ్లలో మూతి పెట్టి ఒరిగిన బండిని చూడలేక తల తిప్పుకుంది.

అప్పుడు మంగీలాల్ ఒడ్డు మీదనుంచే గొంతెత్తాడు. "సేటూ, బండి తప్పేం లేదు! ఆ రాడ్డు మా ఇంటామెది. ఆమె లేకుంట నేను గూడ ఒక్కసారి వాగు దాటలే!"

బ్రిడ్జి మీద నవ్వు ఆగింది. ఇరవై రెండేళ్లలో ఈ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. నీలి ఆయన వైపు చూసింది. ఆయన మోకాలు రుద్దుకుంటూ, "ఇంగ నీ ఇష్టం," అన్నాడు మెల్లగా. ఆమె మనసులో ఏముందో ఆయనకు తెలుసు.

 నీలి లంగా ఎగదోపుకుని నీళ్లలోకి నడిచింది.

"నువ్వు దిగు నాయినా."

"యాడీ, నువ్వు ఉట్టిగనే పట్టుకుంటవనుకున్న గద!" అన్నాడు రాకేశ్ తల్లితో.

"ఉట్టిదైతే నీకే ఇయ్యకపోతునా? దిగు. సేటూ, పెద్దది నీది. చిన్నదాని దిక్కు సూడకు."

ఇంజను మూలిగింది. రాడ్డులో వణుకు వచ్చింది. వదిలింది, తీసుకుంది. ముందు చక్రాలు ఇసుకను కరిచి పట్టుకున్నాయి. జీపు నీళ్లు కారుస్తూ అవతలి ఒడ్డెక్కి, తిరిగి ఈ ఒడ్డుకు వచ్చింది.

గోవర్ధన్ దిగి బానెట్ మీద చేయి వేశాడు. "బండి మంచిదే. కని జనగామల గా చిన్నదాన్నెవలు పడుతరు? అవ్వా, నువ్వు గూడ రావాలె."

"నేను పడుత," అంది ఆయన భార్య కళావతి.

"నీతోని ఐతదా?"

"ఇరవై ఏండ్ల సంది నిన్ను పట్టుకుంట లేనా?"

నీలికి నవ్వు వచ్చింది. కళావతిని ఎక్కించి, ఆమె చేతిని రాడ్డు మీద పెట్టి, పైన తన చేయి పెట్టింది. "గట్టిగ పట్టకు బిడ్డా. పాలు పిండేటప్పుడు ఎట్ల పడుతమో గట్ల. వణికినప్పుడు జర ఇడువు. భయపడి ఇడిస్తె పోతది, తెలిసి ఇడిస్తె నిలుస్తది."

మాట కుదిరింది. మంగీలాల్ తాళంచెవి ఇచ్చాడు. నీలి నడుముకున్న గుడ్డ తీసి రాడ్డు తలకు మళ్లీ చుట్టి, గట్టిగా ముడి వేసింది.

"బ్రిడ్జి మీద పోదామా?" అని గోవర్ధన్ అడిగితే, కళావతి వాగు వైపు చేయి చూపింది.

జీపు నీళ్లలోకి దిగింది. ఒడ్డు మీద నీలి ఇంజను చప్పుడు వింటూ నిలబడింది. మధ్యకు వచ్చేసరికి ఆమె కుడి చేయి నడుము దగ్గర ఖాళీగా ముడుచుకుంది. కొంచెం వదులైంది. మళ్లీ బిగిసింది. టక్కు వినబడలేదు. అవతలి ఒడ్డున జీపు లేచి, చెట్ల మధ్యకు మళ్లింది.

"పట్టింది," అన్నాడు మంగీలాల్.

"ఊఁ," అంది నీలి. చేయి ఇంకా తెరవలేదు.