వెయ్యి కట్టల బ్యాగు

ఆ రోజుల్లో మా ఇంట్లో బ్యాగు అంటే ఒకటి కాదు. యూరియా బస్తా ఖాళీ అయితే బ్యాగు, నాన్న పాత ప్యాంటు కోసి అమ్మ కుట్టింది బ్యాగు, బోనకల్ స్టేషన్లో దిగిన మేనత్త ఎవరి చేతికీ ఇవ్వకుండా చంకలో ఇరికించుకునేదీ బ్యాగే (అందులో ఏముందో మామయ్యక్కూడా తెలియదు). డిగ్రీ తప్పిన ఎండాకాలం నాకు భద్రాచలం అవతల అడవిలో, తునికాకు కల్లంలో గుమాస్తా పని దొరికింది. అక్కడి బ్యాగుకు మూతీ లేదు, పట్టీ లేదు. బీడీలు చుట్టే ఆ ఆకును కట్టలు కట్టి నేల మీద ఎండబెడితే, వెయ్యి కట్టలు ఒక బ్యాగట. పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టే తలూపాను. ఊపక చస్తానా? “ఈసారి పని పోగొట్టుకొని వస్తే బర్లెంబడి పోవుడే” అని బస్సెక్కించేటప్పుడే నాన్న చెప్పాడు.

ఎండిన ఆకును గోనెల్లో నింపే రోజున పొద్దున్నే పడమట మబ్బు లేచింది. వాన తగిలితే ఆకు నల్లబడుతుంది, నల్లబడితే కంపెనీ ముట్టదు. ఆకుతోపాటు నా ఉద్యోగమూ గోవిందా! “జల్దీ నింపుండ్రి” అని అరిచి, నేనే ఒక గోనెలోకి దిగి తొక్కాను. అప్పడాలు విరిగినట్టు పటపటమంది. కట్టలు తిరగేసే ఆడవాళ్లకు పెద్దదిక్కయిన అవ్వ గోనెలో చెయ్యి పెట్టి, గుప్పెడు పొడి తీసి నా అరచేతిలో పోసింది.

“ఏంది సారూ గిది? దీంతోని బీడీలు చుడతరా, నశ్యం పీలుస్తరా?”

“మరేం చెయ్యాలె అవ్వా?”

“నీళ్లు చల్లాలె.”

“వాన తడపొద్దనే కదా ఈ తిప్పలన్నీ!”

“వాన కొడితే కుళ్లుతది. చేత్తోని చల్లితే మెత్తబడి పదునకొస్తది. గట్ల నింపితే ఇరగది.”

గోనెలు తీసుకుపోవడానికి వచ్చిన లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. “ఓ సారూ, పైనోడు చేసే పని నువ్వెందుకు చేస్తున్నవ్?” నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ అరచేతిలో ఆ పొడి ఇంకా ఉంది. “అవ్వా, నువ్వు చెప్పినట్టే కానీ” అన్నాను.

కుండల్లో కొమ్మలు ముంచి చల్లారు, పైన తడి గోనెలు కప్పారు. మధ్యాహ్నం తీసి చూస్తే ఒక్క ఆకు విరగలేదు, చెప్పినట్టు వంగింది! నింపడం, కుట్టడం, లారీకెత్తడం అంతా పరుగే. మబ్బు మాకంటే వెనకబడింది. టార్పాలిన్‌కు ఆఖరి ముడి వేస్తుంటే మొదటి చినుకు డ్రైవరు ముక్కు మీదే పడింది. “గెలిచినం అవ్వా!” అని ఆ వానలో చొక్కా విప్పి గంతులేశాను (అప్పుడు పొట్ట లేదు, బాగానే ఉండి ఉంటుంది).

మర్నాడు లారీ కదిలేముందు కంపెనీ మేనేజరు వచ్చి, ఒక గోనె విప్పించి ఆకు చూసి, అవ్వ ముందే నన్ను అడిగాడు: “శభాష్! ఎవరు నేర్పిండ్రయ్యా నీకు ఈ పని?”

“చదువుకున్న కద సార్” అన్నాను, డిగ్రీ తప్పిన నేను.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇప్పుడు నా నాలుక చివరే ఉంది. అడిగేవాళ్లే లేరు.