అహరోను తుడిచిన నేల

సుల్తానాబాద్ రైసుమిల్లులో పదకొండేళ్లు బస్తాలు మోసిన అహరోను, క్లీనింగ్ కంపెనీ వీసా మీద గల్ఫ్‌కు పోయాడు. రోడ్లు ఊడ్పిస్తారో, ఆసుపత్రిలో వేస్తారో తెలియకుండానే దిగాడు. కంపెనీ బస్సు అతణ్ని సముద్రం పక్కనున్న ఒక పెద్ద స్టేడియం దగ్గర వదిలింది. లోపలికి అడుగు పెట్టబోతుంటే ఎవరో తెలుగులో కేకేశారు.

"చెప్పులిడువు తమ్మీ! గుడిలకొచ్చిన లెక్క రావాలె గీడికి."

కేకేసింది మంచిర్యాల సాంబయ్య. స్టేడియం తెరిచిన రోజు నుంచీ అక్కడే పని. అహరోను చెప్పులు విడిచి చూస్తే, ఎదురుగా చెక్కతో పరిచిన నేల. పైకప్పు దీపాలన్నీ అందులో మెరుస్తున్నాయి. దాని మీద కాలు మోపడానికి అతనికి కాసేపు మనసొప్పలేదు.

అక్కడ రెండేళ్లకోసారి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు బాస్కెట్‌బాల్ పోటీలు జరిగేవి. 2006లో మొదటిసారి పెట్టినప్పుడు ఆరు దేశాలే వచ్చాయట, కుర్చీలన్నీ ఖాళీయేనట. అహరోను చేరిన 2008కి పన్నెండు దేశాలయ్యాయి. చూసే జనం ఎనిమిది వేలు.

ఆటగాళ్లు దిగిన రోజు అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఒక్కొక్కడూ తల వంచుకొని లోపలికి వస్తున్నాడు. ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు భార్య లచ్చవ్వకు అదే చెప్పాడు.

"పదిహేడేండ్లేనట పిల్లలకు. నిలబడితే మనింటి దూలం నెత్తికి తాకుతది."

"అవ్వో! గా తల్లులు ఎట్ల కన్నరో," అంది లచ్చవ్వ.

ఆట జరుగుతున్నంతసేపూ అహరోను బుట్ట వెనకాల తువాలు పట్టుకొని కూర్చోవాలి. బంతి అవతలి వైపు పోగానే ఉరకాలి. అది తిరిగి వచ్చేలోపు నేల మీద చెమట తుడిచి బయటపడాలి.

"బంతిని సూడకు. ఎవడు పడ్డడో, ఏడ పడ్డడో గది సూడు," అని నేర్పాడు సాంబయ్య. "చెమట మీద కాలు జారితే పిల్లగాని మోకాలు పోతది. జర పైలం."

ఆఖరి మ్యాచ్ తెల్ల బట్టల జట్టుకూ నీలం బట్టల జట్టుకూ పడింది. నీలం పిల్లలది ఏదో చలి దేశం, దాని పేరు అహరోనుకు నోరు తిరగలేదు. వాళ్లు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఇంకా తొమ్మిది సెకండ్లు ఉన్నాయనగా వాళ్ల పదకొండో నంబరు పిల్లవాడు దబ్బున పడ్డాడు. రెఫరీ ఈల వేసి అహరోను వైపు వేలు చూపించాడు.

అహరోను ఉరికాడు. మోకాళ్ల మీద కూర్చొని తుడుస్తుంటే, అంత జనంలోనూ చప్పుడు లేదు. తన చేతి కింద గుడ్డ కీచుమనడం అతనికే వినిపించింది. లేవబోతూ చూశాడు, వడ్లగింజంత నెత్తురు చుక్క. నెత్తురైతే వేరే గుడ్డ, మందు కావాలి. రెఫరీ ఇక చాలు లెమ్మని సైగ చేశాడు. అహరోను లేవలేదు. చెయ్యి పైకెత్తి ఆ చుక్కను చూపించాడు. రెఫరీ వంగి చూసి తలూపాడు. సాంబయ్య మందు సీసాతో పరుగెత్తుకొచ్చాడు.

మోచేతికి కట్టు కట్టించుకున్న పదకొండో నంబరు పిల్లవాడు కూడా వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. ఇంకో చుక్కను వేలుతో చూపించాడు. అహరోను అదీ తుడిచి, అరచేత్తో నేలను రాసి చూసి, పొడిగానే ఉందని తలూపాడు. పిల్లవాడు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. రెండు దేశాలూ, ఎనిమిది వేల మందీ, అహరోను చెయ్యి నేల మీద నుంచి లేచేదాకా ఆగారు.

ఆట మళ్లీ మొదలయ్యాక ఆ పిల్లవాడు బంతితో సరిగ్గా అక్కణ్నుంచే గాల్లోకి లేచాడు. సాంబయ్య చెప్పిన మాట అహరోను మరిచిపోయాడు. బంతినే చూశాడు. పిల్లవాడు గాలిలో ఆగిపోయాడేమో అనిపించింది. బంతి కమ్మీకి తగలకుండా వలలోంచి జారింది. జనం కేకలకు కాళ్ల కింద నేల అదిరింది.

"ఏడుస్తున్నవేందిరా?" అన్నాడు సాంబయ్య.

"ఏమో అన్నా. మనిషి గంత పైకి లేస్తడా?"

ఆ తర్వాత ఇంకో మూడు పోటీలు జరిగాయి. 2014దే చివరిది. 2016లో జట్లు రాలేదు. డబ్బు పెట్టేవాళ్లు తప్పుకున్నారని, ఆ వయసు పిల్లలకు వేరే పోటీలు పెట్టుకున్నారని ఒక కాగితం మాత్రం వచ్చింది. స్టేడియాన్ని ఎగ్జిబిషన్ హాలు చేస్తామన్నారు. చెక్క పలకలు ఊడదీసే పని అహరోనుకూ సాంబయ్యకూ పడింది.

మొదటి పలక లేపితే కింద రబ్బరు, దాని కింద గరుకు సిమెంటు. అహరోను వంగి చేత్తో తాకి చూశాడు.

"గిదేనా అన్నా కింద?"

"మరేమనుకున్నవ్?"

"ఏమనుకోలే. గీ ఉత్త సిమెంటు మీదనే గా పిల్లలు గాల్ల లేచిండ్రా?"

సాంబయ్య చేతిలో పలకను మెల్లగా, గాజుసామాను దించినట్టు కింద పెట్టాడు.

మరుసటేడు అహరోను ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు అదే మిల్లులో కాంటా దగ్గర పని. గల్ఫ్‌లో ఏం చూసినవని అడిగితే, వచ్చినవాళ్లంతా బిల్డింగుల సంగతి చెబుతారు, అతను పిల్లల సంగతి చెబుతాడు. నమ్మినవాళ్లు తక్కువ. మొన్న వానాకాలంలో డిగ్రీ చదివే కూతురు ఆరాధన ఆ పోటీల వివరాలు ఫోన్‌లో వెతికి పట్టింది. ఐదుసార్లు జరిగాయి, తర్వాత ఆపేశారు, అంతే రాసి ఉంది. కింద మాత్రం 2008 ఆఖరి మ్యాచ్ ఫొటో, రెండు జట్ల ఆటగాళ్ల జాబితా ఉన్నాయి.

"నీలం జట్టుల పదకొండో నంబరు సూడు బిడ్డా."

"తిమూర్ అని ఉంది బాపూ. తొంబై ఒకటిల పుట్టిండట."

"అంటే ఇప్పుడు?"

"ముప్పై నాలుగు."

అహరోను నోరు తెరుచుకొని కూతురి వైపు చూశాడు. "నేను గాడ తుడిచినప్పుడు నాకు గన్నే ఏండ్లు బిడ్డా," అన్నాడు.

పదిహేడేళ్లుగా ఆ పిల్లవాడు అతనికి పదకొండో నంబరే. ఫోన్ చేతిలోకి తీసుకొని, ఆ పేరు ఇంకోసారి చదివించుకున్నాడు. మొదటిసారి తప్పు పలికాడు. ఆరాధన సరిచేసింది. "తిమూర్," అన్నాడు మళ్లీ.