బెల్లం పంచిన పేరు

మట్టి వదలని పచ్చి అల్లం వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. జహీరాబాద్‌లో మా బడిలో చరిత్ర చెప్పే సారే పరుగు పందేల జట్టుకు కూడా కోచ్. పొద్దున్నే మా ఎనిమిది మందినీ అల్లం చేల గట్ల మీద నాలుగు మైళ్లు ఉరికించి, తాను మాత్రం సైకిల్ మీద వచ్చేవాడు. అందరికన్నా వెనక నేనుండేవాణ్ని.

"జర జల్ది ఉరుకు, తానీషా!" అని నా మీద అరిచేవాడు.

రామదాసు కథలో సాక్షాత్తు రాముడే దర్శనమిచ్చిన రాజు తానీషా. సారుకు నేనంటే ఎంత ఇష్టమో అని పొంగిపోయి అమ్మకు చెప్పాను. అమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది.

నెల తిరక్కుండానే క్లాసులో గోల్కొండ పాఠం వచ్చింది.

"గోల్కొండను పోగొట్టుకున్న ఆఖరు సుల్తాన్ ఎవడ్రా?" అన్నాడు సారు.

"తానీషా!" అంటూ జట్టు మొత్తం నా వైపు తిరిగి నవ్వింది. సారు కూడా నవ్వాడు.

వెనకబడ్డ పిల్లాణ్ని ఉరికించడానికి ఆయనకు తెలిసిన విద్య అదొక్కటేనేమో. అయినా నేను క్షమించలేదు.

అమ్మకు అసలు సంగతి చెప్పనేలేదు. ఆమె ఇవాళ్టికీ నా పిల్లలను కూర్చోబెట్టుకుని, "మీ నాయినకు సారు తానీషా అని పేరు పెట్టిండు, ఎర్కేనా?" అంటుంది.

నేను లేచి బయటికి పోతాను.