కొంగ ముక్కుకు నేను కట్టిన కట్టు

సైన్సు మాస్టారినై ఉండి, బతికున్న కొంగ నోరు కట్టేసి రేపల్లె నుంచి తెనాలి దాకా బస్సులో తీసుకెళ్లిన ఘనుణ్ణి నేను. అప్పుడే నవ్వకండి, అసలు పరువు పోయింది తెనాలిలో.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఆ శనివారం పొద్దున్నే పిల్లలకు పక్షుల ముక్కుల పాఠం చెప్పాను. గింజలు కొరకడానికి చిలుకకు వంకర ముక్కు, బురద వడకట్టడానికి బాతుకు బల్లపరుపు ముక్కు, మాంసం చీల్చడానికి గద్దకు కొక్కెం లాంటి ముక్కు. మధ్యాహ్నం పెనుమూడి దారిలో, పొలం గట్టున, వల ముక్కలో కాలు చిక్కుకున్న కొంగ కనబడింది. కాలు విడిపించి ముక్కు చూశాను. పై దవడకూ కింది దవడకూ మధ్య పెన్సిల్ దూరేంత సందు. ఎంత నొక్కినా మూసుకోదు. ఇలాంటి ముక్కు నా పాఠంలో లేదు, కాబట్టి విరిగిందని తేల్చేశాను. జేబురుమాలుతో గట్టిగా కట్టి, తువ్వాలులో చుట్టి, రేపల్లె వచ్చి తెనాలి పశువుల ఆసుపత్రికని బస్సెక్కాను. ఫోన్లో వెతకొచ్చుగా అంటారేమో, రెండు చేతుల్లోనూ కొంగే ఉంది.

పక్క సీట్లో చేపల బుట్టతో ఒక పెద్దావిడ.

"ఏంటి బాబూ, కొంగకి పంటినొప్పా?"

"ముక్కు విరిగింది పిన్నిగారూ. కదలకూడదు."

"మరి తిండెట్టా తింటది?"

ఆమె జాలిపడి ఒక చిన్న చేప తీసి కొంగ ముందు పెట్టింది. అది మొహం తిప్పుకుంది. తినడం మానేసిందంటే ఇక బతకదేమోనని బస్సు త్వరగా పోనిమ్మని డ్రైవరును తొందరపెట్టాను. నోరు కట్టేసి ఉందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు కట్టు విప్పి, కొంగను చూసి, నన్ను చాలాసేపు చూశారు.

"దీనికేం కాలేదండి. ఇది నత్తలు తినే కొంగ. గుల్ల జారిపోకుండా పట్టుకోడానికే ఆ సందు."

"అంటే, మూసుకోకపోతేనే తినగలదాండి?"

"అవునండి. మీరేమో మూసేశారు."

నాకింకా అయోమయంగానే ఉంది. ఆయన ఓపిగ్గా నన్ను ఆసుపత్రి వెనక పొలానికి తీసుకెళ్లి కొంగను వదిలారు. అక్కడ పాతిక కొంగలు మేస్తున్నాయి. అన్ని ముక్కుల్లోనూ అదే సందు.

"చూశారా?"

"అయ్యో, ఇన్నిటికీ ఒకేసారి ఎలా విరిగాయండి?"

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తమరేం చేస్తుంటారు?"

"బట్టల కొట్లో పనండి," అన్నాను.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ పక్షికి వైద్యం చేయాల్సి వచ్చినా, ముందు దాని చుట్టపక్కాల మొహాలు చూసి తీరతాను.