మా ఆయన చెయ్యి కాదన్న బెల్లం

మా ఆయన అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. దిమ్మ మూల గిల్లి నోట్లో వేసుకునేవారు. నోరు ఖాళీగా ఉండదు కనక తీర్పు చేత్తోనే చెప్పేవారు. అరచెయ్యి పైకి లేపితే సరుకు దించమని, కిందికి వాలిస్తే పట్టుకుపొమ్మని. రైతులందరికీ ఇది తెలుసు.

ఒకరోజు పొద్దున్నే ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. నొప్పి లేదు. మోచెయ్యి లేస్తోంది, వేళ్లు మాత్రం నేలవైపే ఉన్నాయి. తిమ్మిరి అనుకుని మార్కెట్టుకి వెళ్లిపోయారు. మొదటి దిమ్మ బాగుంది, చెయ్యెత్తారు. రైతు మొహం ముడుచుకుని ఆటో తిప్పేశాడు. రెండోవాడూ అంతే. ఈయన కంగారుపడి చెయ్యి ఇంకా పైకెత్తి ఊపితే, అది మరీ ఛీ పొమ్మన్నట్టు ఊగిందట. ఆయనతో కలిసి వ్యాపారం చేసే మా తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి బావా, ఇయ్యేళ ఎవుడి బెల్లమూ నచ్చనేదా?"

నోట్లో బెల్లం ఉంది. ఆయన మళ్లీ చెయ్యే ఊపారు.

పక్షవాతమేమోనని విశాఖపట్నం తీసుకెళ్లాం. డాక్టరుగారు పరీక్షలు చేయించి, ఒంట్లో సీసం చేరి మణికట్టును ఎత్తే నరం దెబ్బతిందన్నారు. బ్యాటరీల పనా, రంగుల పనా అని అడిగారు. బెల్లం పనన్నాం. మందులేమైనా వాడుతున్నారా అంటే మా ఆయన లేదన్నారు. షుగరుకని ఎవరో ఇచ్చిన భస్మం రోజూ బెల్లంముక్కలో పెట్టుకుని మింగుతున్నారు. బెల్లంలో పెట్టాక అది ఆయన దృష్టిలో మందు కాదు. ఆ సంగతి నేను చెప్పాను. డాక్టరుగారు మా ఇద్దరినీ చాలాసేపు చూశారు. ఇంటినిండా పుస్తకాలున్నదాన్ని, నాకూ అంతవరకూ అందులో వింత కనిపించలేదు.

సీసం ఆ భస్మంలోదేనని, అది మానేస్తే చెయ్యి నెమ్మదిగా లేస్తుందని అన్నారు. మా ఆయన దిగులు చెయ్యి గురించి కాదు. భస్మం ఉందన్న ధైర్యంతోనే ఆయన రుచి చూస్తున్నారు. ఇక రుచి చూడకూడదు. రుచి చూడని బెల్లం వ్యాపారిని మార్కెట్టులో ఎవరు లెక్కచేస్తారు?

మూడురోజులు మార్కెట్టుకి వెళ్లలేదు. నాలుగోరోజు ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. నమిలి, తియ్యగా ఉందన్నాను.

"బెల్లం తియ్యగా కాక పుల్లగా ఉంటాదేటి? ఇన్ని పుస్తకాలు చదివేవు, ఇంకో మాట దొరకనేదా?"

బెల్లంలో ఉప్పదనం, మాడు వాసన, పాకం ముదరడం, ఒక్కొక్కటే నేర్పారు. నేను ముక్క నోట్లో వేసుకోగానే ఆయన దవడ కూడా కదిలేది. వానాకాలం దాటేసరికి చెయ్యి లేచింది. మార్కెట్టులో నేను రుచి చూసి చెప్పిందే ఆయన చెయ్యి చెప్పేది.

ఆయన గుండెజబ్బుతో పోయి ఏడాదైంది. తమ్ముడు ఇప్పటికీ ముక్కలు పంపుతాడు. నిన్నటిదాంట్లో అడుగంటిన వాసన. అదే చెప్పి పంపాను.