ఇంటి ముస్తాబు

వాచీలు బాగుచేసే ఆయన భార్యకు, రోజూ సాయంత్రం మొగుడి చొక్కా వాసన చూసి, జేబులు తడిమితే గాని మనసు కుదుటపడదు. అలాంటిది, ఇంట్లో కుర్చీ కూడా జరపని ఆ మనిషి ఉన్నట్టుండి ఇల్లు ముస్తాబు చేయడం మొదలుపెట్టాడు. మెట్ల అంచులకు ఎరుపు పూశాడు, స్విచ్చుల చుట్టూ నీలం గీతలు గీశాడు. ఖాళీ సీసాలకు రంగులేసి, వాటిలో పూలు పెట్టి గుమ్మానికి రెండు వైపులా ఉంచాడు. “ఎవరొస్తున్నారు మనింటికి?” అని ఆవిడ నిలదీసింది. “ఎవరూ రావట్లేదు,” అన్నాడాయన.

ఆవిడ నమ్మలేదు. ఆయన కొట్టుకు వెళ్లగానే బీరువా గాలించింది. చొక్కాల అడుగున కంటి డాక్టరు చీటీ దొరికింది. చూపు తగ్గిపోతోందనీ, ఇక తిరిగి రాదనీ అందులో ఉంది. సాయంత్రం ఆ చీటీ ఆయన చేతిలో పెట్టి, “మీ కంటికి ఏ రంగు బాగా ఆనుతోంది?” అని మాత్రం అడిగింది. “పసుపుపచ్చ,” అన్నాడు. ఆవిడ లోపలికెళ్లి, పసుపుపచ్చ చీర కట్టుకొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.