తెల్ల తోక విమానం

కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట కోసం, ఎప్పుడో మూతబడిన ఒక విమాన సంస్థ విమానం మీది రంగులూ బొమ్మలూ మూడు నెలలు కూర్చుని గీశాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికిన పాత పత్రికలోని ఫొటోయే ఆధారం. తోక మీది ఎర్ర కొంగకే నెల పట్టింది. ఫైళ్లన్నీ కలిపి, ఎవరైనా దించుకుని తమ ఆటలో ఎగరేసుకునేలా మా ఆటగాళ్ల ఆన్‌లైన్ ఫోరంలో పెట్టాను. పదకొండు మంది "సూపర్" అని రాశారు. నాంపల్లిలో బస్సు కోసం నిలబడి, ఫోన్‌లో మళ్లీ మళ్లీ అవే చదువుకుంటున్నాను.

అప్పుడే ఫోరంలోని ఒకాయన ఫోన్ చేశాడు.

"తమ్మీ, తోక తెల్లగుంది. కొంగ ఏడ వోయింది?"

"నీ కంప్యూటరే ఖరాబైందన్నా! పదకొండు మందికి మంచిగనే కనవడ్డది గదా?"

"ఔ, గాళ్లల్ల ఎవరు ఎగరేసిన్రో జర అడుగు."

ఇంటికొచ్చి చూస్తే, తోక ఫైలు కలపడమే మర్చిపోయాను. అంటే ఆ పదకొండు మందిలో ఒక్కడూ నా విమానాన్ని ఎగరేయలేదు. ఒళ్లు మండిపోయింది. సరిచేసిన ఫైలు ఫోరంలో పెట్టకుండా ఆయనకొక్కడికే పంపాను. గంటకు మళ్లీ ఫోన్.

"కొంగొచ్చింది తమ్మీ. గని మెడ జర పొట్టిగైంది."

ఫోన్ మంచం మీదికి విసిరేసి, తిట్టుకుంటూనే మెడ గీయడానికి కూర్చున్నాను.